చిల్లు దైవాధీనం

ఇప్పుడది బంగారు రంగులో కూడా వచ్చింది. నలుపు, నీలం, ఇంద్రధనుస్సు అయిపోయాయి, ఇక మిగిలింది బంగారమే. 28 మిల్లీమీటర్ల రేసింగ్ కార్బొరేటర్, ‘ఏ బండికైనా సరిపోతుంది’, ఒంటి మీద లేజర్‌తో చెక్కిన ‘జపాన్’, పెట్టెలో ఉచితంగా పది జెట్లు, రెండు స్టిక్కర్లు, ఒక కీచైన్. ఫోన్ తెరిస్తే ఇదే. ఫోన్ మూసి వీధిలోకి వెళ్తే పక్కవాటా కుర్రాడు ఎదురొచ్చి, “బాబాయ్, ఇది చూశారా?” అని మళ్లీ అదే చూపించాడు. చూశాను నాయనా. చూడకుండా ఎవరు బతకనిచ్చారు?

ఏ బండికైనా అంటే నిజంగానే ఏ బండికైనానట. ఆర్‌ఎక్స్ 100కీ అదే, స్ప్లెండర్‌కీ అదే, పల్సర్‌కీ అదే. టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అన్న పట్టింపు కూడా లేదు. సమానత్వమంటే అది.

మనవాళ్లు దాన్ని ఎక్కువగా తగిలిస్తున్నది ఆర్‌ఎక్స్ 100కి. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి, ఇప్పుడు దాన్ని కొనే కుర్రాడికన్నా వయసులో పెద్దది. 98 సీసీ ఇంజిను, 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. దానికి యమహా ఇంజినీర్లు పెట్టిన మికుని కార్బొరేటర్ నోరు 20 మిల్లీమీటర్లు. 28 పెట్టడం వాళ్లకి చేతకాక కాదు, పిసినారితనమూ కాదు. 20 నుంచి 28కి పోతే గాలి దారి వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది. ఇంజిను పీల్చే గాలి మాత్రం పెరగదు కనుక ఆ దారిలో గాలి వేగం పడిపోతుంది. పెట్రోలును జెట్ అనే చిన్న చిల్లులోంచి పైకి లాగేది ఆ వేగమే. పోర్టులు తెరిచి, సైలెన్సర్ మార్చి, ఇంజినునే రేసుకు తయారుచేసుకున్నవాడికి 28 కావాలి, కాదనను. సిటీ బస్సు వెనక సెకండ్ గేర్‌లో పాకే బండికి పెడితే సగం యాక్సిలరేటర్ దాకా ఖళ్లు ఖళ్లున దగ్గుతుంది, ఆ తర్వాత ఒక్కసారి లేస్తుంది. ఆ లేచిన క్షణాన్నే రీలు తీస్తారు. దగ్గిందంతా ఎడిటింగ్‌లో పోతుంది.

సరే, సైజు గొడవ వదిలేద్దాం. ఎవడి పెట్రోలు వాడిది. నా కడుపుమంట ఆ వస్తువు గురించి.

కార్బొరేటర్‌లో ఉండేదేమిటి? పోతపోసిన లోహపు ముక్క, దానిలో కొన్ని చిల్లులు. మోటారు లేదు, చిప్పు లేదు. ఆ చిల్లుల కొలతకే డబ్బు. మికుని నీడిల్ జెట్లలో ఒక సైజుకీ పక్క సైజుకీ తేడా 0.005 మిల్లీమీటరు, తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఆ కాస్త తేడా బండి నడకలో తెలుస్తుంది కాబట్టే రెండింటికీ వేరువేరు నంబర్లు వేసి అమ్ముతారు. ఇప్పుడీ బంగారు పెట్టె విప్పండి. రంగుంది, లేజర్ ఉంది, కీచైన్ ఉంది. కొలత ఒక్కటే పెట్టడం మర్చిపోయారు.

‘బిల్లెట్’ అని కూడా రాశారు. గట్టి దిమ్మను యంత్రం మీద చెక్కి తీసిన వస్తువుకి ఆ పేరు. దీని ఒంటి చుట్టూ మాత్రం రెండచ్చులు కలిసినచోట పడే గీత నిక్షేపంగా కనిపిస్తోంది. ‘విమానాల్లో వాడే అల్యూమినియం’ అని ఇంకో వరస. ఏ విమానమో చెబితే ఎక్కడం మానేస్తాను.

ఇవన్నీ క్షమించగలను. ఆ ఉచిత జెట్లను మాత్రం క్షమించలేను.

చిన్న జిప్ కవర్లో పది జెట్లు, 98 నుంచి 125 దాకా నంబర్లు. దానికి ‘ట్యూనింగ్ కిట్’ అని పేరు. ఈ నంబర్లకి లోకంలో లెక్కలున్నాయి. కీహిన్ అనే ఇంకో కంపెనీ మెయిన్ జెట్ మీద 120 అని ఉంటే చిల్లు వ్యాసం సుమారు 1.20 మిల్లీమీటర్లని అర్థం. మికుని వాళ్ల ఆరు పలకల మెయిన్ జెట్ మీద అదే 120 ఉంటే అది వ్యాసం కానే కాదు. నిర్ణీత పరీక్షలో పెడితే నిమిషానికి ఎన్ని సీసీలు పారుతుందో ఆ లెక్క. కాబట్టి ఈ కంపెనీ 120 తీసి ఆ కంపెనీ 120 వేస్తే వేసింది వేరే జెట్టే. మరి కీహిన్‌లా కనిపించే ఒళ్లూ, మికునిలా కనిపించే జెట్లూ కలిసి కాపురం చేస్తున్న ఈ పెట్టెలో 120 ఏ లెక్కన? అమ్మేవాడినే అడిగాను. “120 అంటే 120యే సార్,” అన్నాడు. అద్వైతంలో కూడా ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు.

బెజవాడ ఆటోనగర్‌లో టూల్‌రూమ్ నడిపే మిత్రుడి దగ్గర పిన్ గేజులుంటాయి. ఆయన్ని బతిమాలి ఒక కవరు కొలిపించాను. 115 అని రాసిన జెట్లో దూరిన పిన్ను 120 అని రాసినదాంట్లో దూరలేదు. 105, 108, 110 మూడింటిలోకీ ఒకే పిన్ను హాయిగా వెళ్లి హాయిగా బయటికొచ్చింది. డ్రిల్ బిట్ అరిగేదాకా అన్నిటికీ అదే వాడి, తర్వాత చేతికి ఏ పంచ్ దొరికితే ఆ నంబరు కొట్టి ఉంటారని ఆయన అంచనా. భూతద్దం పెట్టి కాసేపు చూసి, “నంబర్లు మాత్రం ముత్యాల్లా కొట్టారండీ,” అన్నాడు.

ఇంత చిన్న చిల్లుకి ఇంత రాద్ధాంతమా అనేవాళ్ల కోసం ఐదో తరగతి లెక్క. వ్యాసం 5 శాతం పెరిగితే వైశాల్యం 10 శాతం పెరుగుతుంది. 1.20 ఉండాల్సిన చిల్లు 1.26 ఉంటే పెట్రోలు పదో వంతు ఎక్కువ, 1.14 ఉంటే పదో వంతు తక్కువ. పోనీ వ్యాసం సరిపోయిందనుకుందాం, అంతటితో అయిపోలేదు. డ్రిల్లు బయటికి వచ్చినప్పుడు అంచున మిగిలిన గరుకు, చిల్లు నోటి దగ్గర వాలు, చిల్లు పొడవు, వీటిలో ఏది మారినా పారే తీరు మారుతుంది. ఒకే పిన్ను దూరిన రెండు జెట్లు రెండు రకాలుగా పోస్తాయి. మికుని వాళ్లు వ్యాసం కొలిచి ఊరుకోకుండా పారించి చూసి నంబరు వేసింది అందుకే. మన ట్యూనింగ్ కిట్టులో పారించి చూసే బాధ్యత కొన్నవాడికే అప్పగించారు. పరీక్షశాల జాతీయ రహదారి, పరీక్ష సామగ్రి సొంత పిస్టన్.

ఇక ట్యూనింగ్ అనే తంతు. బండి మిస్సింగ్ కొడుతోంది. ప్లగ్గు విప్పితే తెల్లగా ఉంది, అంటే పెట్రోలు చాలడం లేదు. మెకానిక్ 115 తీసి 120 వేశాడు. చదువు ప్రకారం సరైన పనే. కానీ ఆ 120 అసలు 115 కన్నా సన్నం. ప్లగ్గు ఇంకా తెల్లబడింది. అయితే 125 వెయ్యి. ఈసారి నల్లటి పొగ. అయితే నీడిల్ ఒక మెట్టు దించు. రంగు మాత్రలు పొట్లం కట్టి, “రేపటికి తగ్గకపోతే ఎర్రది మానేసి పచ్చది వేసుకో” అనే ఊరి వైద్యమే ఇది. అక్కడ రోగి కనీసం నోరు తెరిచి ఎలా ఉందో చెప్పుకుంటాడు. మూడో సాయంత్రానికి మెకానిక్‌కి విసుగొచ్చి సన్నటి తీగ తీసుకుని జెట్లో పెట్టి తిప్పుతాడు, అది చాలకపోతే చేతి డ్రిల్లు. ఆ తర్వాత ఆ జెట్టుకి భూమ్మీద ఏ లెక్కలోనూ నంబరు లేదు. ఆ మెకానిక్‌ని ఏమీ అనలేను. తప్పుడు తూకపురాళ్లు చేతికిచ్చి సరిగ్గా తూచమంటే పాపం అతనేం చేస్తాడు?

టూ స్ట్రోక్ ఇంజిను ఇలాంటి తప్పుల్ని ఎక్కువసేపు ఓర్చుకోదు. పెట్రోలు తగ్గితే మంట వేడెక్కుతుంది, పిస్టన్ ఉబ్బుతుంది. రేసు బళ్లకి ఉండదని, ఆయిల్‌ని విడిగా అందించే ఆటోల్యూబ్ పంపు పీకేసి ఆయిల్‌ని పెట్రోల్లో కలిపి పోసే కుర్రాళ్లకి ఇంకో వరం కూడా ఉంది. పెట్రోలు ఎంత తగ్గితే అందులో కలిసిన ఆయిల్ కూడా అంత తగ్గుతుంది. వేడి పెరిగి, జారుడు తగ్గి, పిస్టన్ బోరును పట్టేసుకుంటుంది. ఫుల్ యాక్సిలరేటర్ మీద ఉన్న బండి వెనక చక్రం ఉన్నట్టుండి బిగుస్తుంది. క్లచ్ నొక్కగలిగినవాడు అదృష్టవంతుడు. తర్వాత రీబోరు, కొత్త పిస్టన్, రింగులు. ఉచితంగా వచ్చిన ఇత్తడి ముక్క ఖరీదు ఆ బిల్లులో తెలుస్తుంది.

ఇంతదాకా నవ్వుతూనే రాశాను. స్లైడ్ దగ్గరికొచ్చేసరికి నవ్వు రావడం లేదు.

యాక్సిలరేటర్ తిప్పితే కేబుల్ పైకి లాగే ముక్క అది. లేస్తే గాలి దారి తెరుచుకుంటుంది. చెయ్యి వదిలితే స్ప్రింగు దాన్ని కిందికి నెట్టి దారి మూయాలి. అది జారే గోడకీ దానికీ మధ్య సందు సరిగ్గా ఉండాలి, రెండూ నునుపుగా ఉండాలి, పైపూత గట్టిగా ఉండాలి. సందు ఎక్కువైతే గాలి దొంగదారిన పోయి ఐడ్లింగ్ నిలబడదు, అది చికాకు మాత్రమే. సందు తక్కువైనా, గోడలో పోతపోసినప్పటి గరుకు మిగిలినా, పూత పొట్టులా లేచినా స్లైడ్ పైనే ఇరుక్కుంటుంది. పిల్లాడు చెయ్యి వదిలేశాడు. బండి వదల్లేదు. ముందు లారీ ఉంది. క్లచ్ నొక్కి తాళంచెవి తిప్పాలని వాడికి ఎవరూ నేర్పలేదు. నేర్చుకోవడానికి ఉన్నది ఒక సెకను.

అమ్మేవాళ్లకి ఇది తెలియదనుకుంటున్నారా? తెలుసు. “కొత్తలో కొంచెం టైట్‌గా ఉంటది బ్రో, రన్నింగ్‌లో సెట్ అయిపోద్ది” అని వాళ్ల నోటితో వాళ్లే చెబుతున్నారు. ఇరుక్కునే థ్రాటిల్ రన్నింగ్‌లో సెట్ అవుతుందట. అంటే ఫ్యాక్టరీలో ఒక మనిషి కాసేపు కూర్చుని రుద్ది నునుపు చేయాల్సిన గోడని, డబ్బిచ్చి కొన్న కుర్రాడు తన ప్రాణం పెట్టి నునుపు చేసుకోవాలి. ఆ మనిషి కూలి మిగుల్చుకున్నారు, ఆ మిగిలినదాంతో రంగు పూశారు. దీన్ని వ్యాపారమంటారా? నాకు నోటికి వస్తున్న మాటలు ఈ కాలమ్‌లో వేయరు.

పైగా మీ బండిలో ఏదో తేడా ఉందని ఎదురు దబాయింపు. వాళ్ల దృష్టిలో ఇంతవరకు ఒక్క కార్బొరేటర్ కూడా పాడైనది లేదు. పాడైనవన్నీ బళ్లే.

ఫ్లోట్ వాల్వ్ గురించి రెండు మాటలు. గిన్నెలోకి పెట్రోలు ఎంత రావాలో అంత వచ్చాక మూసుకోవాల్సిన చిన్న సూది అది. కొనకి పెట్రోలును తట్టుకునే మంచి రబ్బరు ఉండాలి. చవక రబ్బరు ఉబ్బుతుంది, గట్టిపడుతుంది, మూసుకోదు. రాత్రి ట్యాంక్ ట్యాప్ కట్టడం మర్చిపోతే తెల్లారేసరికి పెట్రోలు ఇంజినులోనో, నేల మీదో ఉంటుంది. వేడి ఇంజిను మీద కారితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంతకీ దీన్ని చేసిందెవరు? ఈ ప్రశ్న అడిగి చూడండి, మీకే తమాషాగా ఉంటుంది. అమ్మేవాడు జపాన్ అంటాడు. అతనికి సరుకిచ్చినవాడు ఢిల్లీ మాలు అంటాడు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగినా, మన ఆటోనగర్‌లో అడిగినా, చెన్నై పుదుపేటలో అడిగినా వేలు కరోల్‌బాగ్, కశ్మీరీ గేట్ వైపే చూపిస్తుంది. అక్కడ అడిగితే ‘ఇంపోర్టెడ్’ అని వేలు హిమాలయాలు దాటిపోతుంది. పెట్టె మీద తయారుచేసినవాడి పేరు లేదు, ఊరు లేదు, ఏ నెల సరుకో లేదు. కన్నవాళ్లెవరో తెలియని ఈ బిడ్డకి ‘జపాన్’ అని ఇంటిపేరు మాత్రం ఎవరో పెట్టారు.

చైనా అనగానే ముఖం చిట్లించే బ్యాచ్ కాదు నాది. ఫుజియాన్ రాష్ట్రంలో ఫూడింగ్ అనే ఊరు కార్బొరేటర్ల తయారీకి పేరు మోసింది. డ్రాయింగ్ ఇచ్చి, ఇంతకు మించి కొలత తప్పితే సరుకు వెనక్కి పంపుతానని చెప్పి, దానికి తగ్గ డబ్బు పెట్టినవాడికి చైనాలో మంచి సరుకే దొరుకుతుంది. ఎంత చవకలో ఇస్తావని మాత్రమే అడిగినవాడికి ఆ చవకే దొరుకుతుంది. మనవాళ్లు అడిగిన ప్రశ్న ఏదో పెట్టె విప్పితే తెలుస్తూనే ఉంది. తైవాన్‌లో ఓకో అనే సంస్థ ఉంది. కీహిన్ తరహా కార్బొరేటర్లే చేస్తుంది, కానీ ఒంటి మీద తన పేరే వేసుకుంటుంది. బాగుంటే మెచ్చుకోవచ్చు, బాగోకపోతే తిట్టడానికి ఒక పేరుంది. ఆ నిజాయితీకి మన బజారు ఇచ్చిన బహుమతి, ఇప్పుడు నకిలీ ఓకోలు కూడా వస్తున్నాయి. నకలుకి నకలు.

లోహం సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే దీని మీద అమ్మేవాళ్లూ తిట్టేవాళ్లూ ఇద్దరూ తప్పే మాట్లాడతారు. కార్బొరేటర్ ఒంటికి జింకు మిశ్రమం వాడితేనే డూప్లికేట్ అనుకోవద్దు. పెద్ద కంపెనీలు కూడా వాడాయి. 1929లో అమెరికాలో న్యూజెర్సీ జింక్ కంపెనీ జమాక్ అనే మిశ్రమాన్ని తెచ్చిందే ఇలాంటి పోతపనుల కోసం. షరతు ఒక్కటే, అందులో వాడే జింకు 99.99 శాతం శుద్ధంగా ఉండాలి. సీసం ఏ కాస్త కలిసినా లోహం కొన్నేళ్లలో లోలోపలే పుచ్చి, ఉబ్బి, పగుళ్లిస్తుంది. దొరికిన తుక్కంతా ఒక మూసలో వేసి కరిగిస్తే సీసం కలవక ఏమవుతుంది? కొన్నరోజున ఇదేమీ కంటికి కనిపించదు, తళతళలాడుతూనే ఉంటుంది. ఒకరోజు మేనిఫోల్డ్ బోల్టు బిగిస్తుంటే చెవి విరిగి చేతిలోకొస్తుంది. అప్పటికి అమ్మిన దుకాణంలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతుంటారు.

మనకి కార్బొరేటర్ చేయడం రాదా అంటే, బాగానే వచ్చు. చెన్నైలో యూకాల్ సంస్థ మికుని సాంకేతిక సహకారంతో దశాబ్దాలపాటు చేసింది. చేతక్ స్కూటర్ల రోజుల్లో స్పాకో పేరు తెలియని మెకానిక్ లేడు. వాటినీ తిట్టుకునేవాళ్లం, కాదనను. కానీ తిట్టింది ఎవరినో తెలుసు, జెట్టు మారిస్తే అదే నంబరు జెట్టు మళ్లీ అదే పనిచేసేది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చింది, కొత్త టూవీలర్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి, పెద్ద కంపెనీలకి కార్బొరేటర్ మీద శ్రద్ధ పోయింది. కోట్ల పాత బళ్లు మాత్రం రోడ్ల మీదే ఉన్నాయి. అసలు సరుకు దొరకడం కష్టమైంది, దొరికినా ధర కొన్ని రెట్లు. ఆ సందులోకే ఈ బంగారం వచ్చి కూర్చుంది. అసలు పార్టు కోసం ఊళ్లన్నీ తిరిగి దొరక్క దీన్ని కొన్న మనిషి మీద నాకు జాలే. అసలుది బండి మీద శుభ్రంగా పనిచేస్తుండగా దాన్ని పీకి అటక మీద పడేసి, దీన్ని తగిలించుకుని, ‘స్టేజ్ టూ’ అని ట్యాంకు మీద స్టిక్కరేసుకునేవాడి మీద ఆ జాలి కూడా లేదు.

ఇదంతా జరుగుతున్న కాలం కూడా చూడండి. 2025 నాటికి దేశంలో పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపడం అయిపోయింది. అచ్చ పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక వంతుకి 14.7 వంతుల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి ఇంధనం 8, 9 శాతం ఎక్కువ పోయాలి. ఇంజెక్షన్ బళ్లలో ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కి కళ్లు లేవు, జెట్టు మారిస్తేనే మారుతుంది. అందుకని పాత బండి ఉన్నవాడికి నమ్మకమైన జెట్టు అవసరం ఎన్నడూ లేనంతగా ఇప్పుడుంది. ఒక మెట్టు పెద్దది వేస్తే నిజంగా ఒక మెట్టే పెరగాలి. సరిగ్గా ఈ సమయంలోనే మనకి అంకెల ముద్రలున్న ఇత్తడి పూసల పొట్లం దొరికింది. పైగా ఇథనాల్ తేమను లాగుతుంది, బండి నాలుగు వారాలు కదలకపోతే నాసిరకం జింకు గిన్నెలో తెల్లటి పిండి పేరుకుంటుంది, ఆ పిండి వెళ్లి కూర్చునేది ఆ జెట్టు చిల్లులోనే. పెట్టె మీద ‘ఈ20 రెడీ’ అని కూడా ఉంది లెండి. అన్నీ రాసేటప్పుడు అదొక్కటి మానడం దేనికని రాసి ఉంటారు.

మరి పోలీసులు, చట్టాలు లేవా? ఎందుకు లేవు. బండిలో చట్టం ఒప్పుకోని మార్పులు చేస్తే, విడిభాగాలు తెచ్చి బిగించడంతో సహా, మోటారు వాహనాల చట్టం 182ఎ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా వేయవచ్చు. సైలెన్సర్ చప్పుడు విని కుర్రాడిని ఆపి, బండి పక్కన పెట్టించి, ఫొటోలు తీయడం మనం రోజూ చూస్తున్నదే. ఇటు 1999 ట్రేడ్‌మార్కుల చట్టం ఉంది. ఇంకొకరి గుర్తు దొంగతనంగా వేసినా, వేసినదాన్ని తెలిసి అమ్మినా ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. ఆ కుర్రాడిని ఆపిన చౌరస్తాలోనే, అద్దాల వెనక, వరసగా పేర్చి, దీపాలు పెట్టి దొంగ కీహిన్‌లు అమ్ముతున్నారు. అటువైపు ఎవరూ ఫొటో తీయరు. అద్దం మీద వెలుగు పడి ఫొటో సరిగ్గా రాదేమో.

కొనొద్దని మీకు చెప్పను, చెప్పినా పక్కవాటా కుర్రాడే వినడు. కానీ కొనేవాడు దుకాణంలో ఒక పని చేయాలి. 2019 వినియోగదారుల చట్టంలో చాలామంది గమనించని ముక్క ఒకటుంది. వస్తువు లోపం వల్ల ఎవరికైనా హాని జరిగి, దాన్ని తయారుచేసింది ఎవరో తెలియకపోతే, అమ్మినవాడే తయారుచేసినవాడి స్థానంలో నిలబడి జవాబు చెప్పాలి. పెట్టె మీద పేరు లేదంటే చట్టం దృష్టిలో ఆ ఫ్యాక్టరీ మీ ఎదురుగా కౌంటర్లో కూర్చున్నవాడిదే. బిల్లు ఇవ్వననడం కూడా అదే చట్టంలో తప్పే. కాబట్టి బిల్లు అడగండి. ‘స్పేర్ పార్ట్ - 1’ అని కాగితం ముక్క మీద గీకి ఇస్తే ఒప్పుకోకండి. పెట్టె మీద ఏమేం రాసి ఉందో అవన్నీ బిల్లు మీద కూడా రాయమనండి. జపాన్, బిల్లెట్, విమానం అల్యూమినియం, ఈ20, పది జెట్లు వాటి నంబర్లతో సహా. కింద సంతకం, దుకాణం ముద్ర. పెన్ను లేదంటాడు, మీ జేబులోది ఇవ్వండి.